ఆదివారం మైక్రోబిట్ క్లాసు: కేబుల్ మర్చిపోకండి

అందరికీ నమస్కారమండి. ఈ ఆదివారం కూడా పిల్లల మైక్రోబిట్ క్లాసు బాలాజీ కాలనీలో మా మేడ మీదే, పొద్దున 9 గంటలకు. మైక్రోబిట్ అంటే పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే బుల్లి కంప్యూటర్ బోర్డు. మన తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, ముదరకముందే ముగిద్దాం.

పోయిన వారం అరగంట వృథా అయింది. ల్యాప్‌టాప్‌లో బోర్డు కనిపించలేదని పిల్లలు టెన్షన్ పడ్డారు, నేనూ పడ్డాను. చివరికి చూస్తే తప్పు కేబుల్‌ది. కొన్ని కేబుళ్లతో చార్జింగ్ మాత్రమే అవుతుంది, డేటా పోదు. పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్, ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఉంటే పంపండి. టైప్-సీ దీనికి పట్టదు.

ఈసారి ఆట: బోర్డు మీద పైనుంచి చుక్క (వెలిగే లైటు) రాలుతుంది, కింద ఇంకో చుక్కతో పట్టాలి. 'A' బటన్ నొక్కితే ఎడమకు, 'B' నొక్కితే కుడికి. ఉన్నవి 25 లైట్లే, అయిదు వరుసల్లో. పిల్లలు తడబడేది వరుసల లెక్క దగ్గరే: 1 నుంచి 5 కాదు, 0 నుంచి 4. పైగా వై (y) విలువ, అంటే చుక్క ఎన్నో అడ్డవరుసలో ఉందో చెప్పే అంకె, పెరిగితే చుక్క కిందికి దిగుతుంది, బడిలో గ్రాఫుకు తలకిందులు. "కొండ మీద నుంచి మెట్లు దిగుతూ లెక్కపెట్టినట్టు" అన్నాను, ఒక పాప ఠక్కున పట్టేసింది.

చుక్క అడుగుకీ అడుగుకీ మధ్య 500 మిల్లీసెకన్లు (అర సెకను) ఆపుదాం. మనవాళ్లు వెంటనే 100 పెట్టేస్తారు, ఓడిపోయి వాళ్లే పెంచుకుంటారు.

బోర్డులు నాలుగే. ఇంట్లో సాధనకు బోర్డు అక్కర్లేదు, ప్రోగ్రాము రాసే మేక్‌కోడ్ సైటులో తెర మీదే బొమ్మ బోర్డు ఆడుతుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం ముట్టుకోకండి!