30 రొయ్యలూ, ఒక మురికి స్పాంజీ

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అంటావేమో. ఫోన్‌లో "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు, పెట్టేశాక ఒక్కటీ గుర్తుండదు. ఇదైతే తొట్టి పక్కన గోడకి అంటించుకోవచ్చు. పైగా నీకు ఫోన్‌లో చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. అదీ ఇందులోనే రాస్తాను.

మీ బావ ఈ రాత్రి బస్సుకి హైదరాబాద్ వస్తున్నాడు. వాడి చేతికి థర్మాకోల్ పెట్టె ఇస్తున్నాను. అందులో రెండు ఆక్సిజన్ ప్యాకెట్లు, ఒక్కోదానిలో 15 చెర్రీ రొయ్యలు, అదే గాజు తొట్టిలో పెంచుకునే చిట్టి ఎర్రరొయ్యలు. హేచరీ వాళ్లు సీడు, అదే రొయ్యపిల్లల్ని, కట్టినట్టే కట్టాను. మూడోవంతు నీళ్లు, మిగతాదంతా గాలి. దారిలో నీళ్లు పాడవకుండా నిన్నటినుంచే మేత ఆపేశాను. పట్టుకుని కూర్చోడానికి ఒక్కో ప్యాకెట్‌లో కాస్త నాచు వేశాను. పట్టు దొరక్కపోతే బస్సు కుదుపులకి రాత్రంతా ఈదీ ఈదీ అలిసిపోతాయి.

మూడో కవర్లో నల్లటి మురికి స్పాంజి ఉంటుంది. కంపు కొడుతోందని పారేసేవు, జాగ్రత్త. ఆ 30 రొయ్యల కంటే అదే విలువైంది. మన పాత తొట్టి ఫిల్టర్లోది. రొయ్యల రెట్టా, మిగిలిన మేతా కుళ్లితే అమోనియా పుడుతుంది కదా, దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ రొయ్యకి విషం, మూడోది కొంతవరకూ పర్వాలేదు. ఆ బాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజి సందుల్లోనే ఎక్కువ కాపురం పెడతాయి. దీన్ని నీ కొత్త స్పాంజి పక్కనే పడేసి ఉంచు. కుళాయి కింద మాత్రం కడగొద్దు, క్లోరిన్‌కి అన్నీ చస్తాయి. నువ్వు పంపిన టెస్ట్ కిట్ ఫోటో చూశాను. అమోనియా లేదు, నైట్రైట్ ఊదారంగూ పోయింది. ఐదు వారాలు రొయ్యలు వెయ్యకుండా ఒట్టి ఫిల్టర్ తిప్పడానికి ఓపిక పట్టావు చూడు, అది నీకు మీ అమ్మ నుంచి వచ్చింది. మేమూ చెరువుకి నీళ్లు పెట్టి, రంగు తిరిగాకే కదా సీడు వదిలేది.

ఇప్పుడు ఆ సంగతి. పోయిన మే నెలలో నువ్వు ఫోన్ చేసి రొయ్యలెలా ఉన్నాయని అడిగినప్పుడల్లా "బావున్నాయమ్మా" అన్నాను. లేవు. నువ్వు నాకు అప్పగించి వెళ్లిన 60 పైచిలుకులో జూన్ నాటికి 11 మిగిలాయి. ఏ తెగులూ రాలేదు. నా చేత్తో నేనే చంపుకున్నాను.

టైగర్ రొయ్యకి 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు చెరువులే తుడిచిపెట్టుకుపోయినప్పుడు గట్టు మీద కూర్చుని చూసినవాణ్ణి. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ లేచి నిలబడ్డవాణ్ణి. గాజు తొట్టిలో 40 లీటర్ల నీళ్లు నాకొక లెక్కా అనుకున్నాను. మేత బస్తాల్లో చూసిన చేతికి చిటికెడంటే ఎంతో తెలీలేదు. పొద్దునా సాయంత్రం వేశాను. తిన్నంత తినగా మిగిలింది అడుగున తెల్లగా బూజు పట్టింది, నీళ్లు మసకబారాయి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారు కదా, కాలవ నీళ్లు లేవు. సగం తోడేసి మన దొడ్లో బోరు నీళ్లు పోశాను. నీళ్లు తేటగా మెరిశాయి. మీ అమ్మని పిలిచి చూపించాను కూడా.

మూడో రోజు తెల్లారేసరికి పెద్ద రొయ్యలు, అవీ ఆడవే ఎక్కువ, ఒక్కచోటే నిలబడి కాళ్లు ఆడిస్తున్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే తలపెంకుకీ ఒంటిపెంకుకీ మధ్య తెల్లదారం చుట్టినట్టు గీత. మామూలుగా పెంకు విడిచేటప్పుడు వీపు మీద ఆ అతుకు దగ్గర చిన్న చీలికే వస్తుంది. రొయ్య విల్లులా వంగి ఒక్క విదిలింపు విదిలిస్తే చీలికలోంచి బయటికొచ్చి పడుతుంది. వదిలేసిన పెంకు కళ్లూ మీసాలతో సహా ఇంకో రొయ్యలాగే అక్కడ కూర్చునుంటుంది. వీటికి అలా కాలేదు. కొత్త పెంకు సిద్ధం కాకముందే, నీళ్లలో ఉప్పులు ఒక్కసారిగా మారిపోయేసరికి పెంకు విడవాల్సి వచ్చింది. పాతది చుట్టూతా తెగింది, లోపలిది బయటికి రాలేదు. ఒక తల్లి మధ్యాహ్నం దాకా విదిలించుకుంటూనే ఉంది. కడుపు కింద గుడ్లున్నాయి.

ఆ రాత్రి పడుకుని లెక్కేశాను. ఎకరం చెరువు మీటరు లోతు నీళ్లంటే 40 లక్షల లీటర్లు. నీ తొట్టి అందులో లక్షోవంతు. చెరువులో నేను తప్పు చేస్తే దిద్దుకోడానికి నాకో రెండు రోజులుంటాయి. ఇక్కడ గంటలే.

తర్వాత నేను చేసిందల్లా చెయ్యడం మానేయడమే. వారానికి నాలుగు లీటర్లు మార్చాను, అంతే. పోసే నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన ఉప్పుల లెక్క, లోపలి నీళ్లకి దగ్గరగా ఉందో లేదో చూసి, సన్నగా పోశాను. మేతకి చెక్ ట్రే పెట్టాను. నవ్వకు, మీ అమ్మ టీ సాసరే. రెండ్రోజులకోసారి అందులో ఆవగింజంత మేత వేస్తే అన్నీ వచ్చి చుట్టూ చేరతాయి. రెండు గంటల తర్వాత మిగిలింది ఉంటే సాసరు పైకి తీసేస్తాను. ఎక్కువైందా తక్కువైందా సాసరే చెబుతుంది. మిగతా రోజుల్లో నాచు మీదా, స్పాంజి మీదా పట్టే జిగురు పొరని గోక్కుని తింటాయి. మన బాదం చెట్టు కింద రాలిన ఎండాకులు కడిగి వేశాను. ఆకు నానేకొద్దీ నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి, దాని మీద ఆ పొర బాగా పడుతుంది. పెట్టెలో పది ఆకులు పెడుతున్నాను. పాలకూర కావాలంటే రెండు నిమిషాలు ఉడికించి వెయ్యి. కొన్న ఆకు మీద పురుగుమందు ఉంటుంది, నాకైతే భయం. మీ అమ్మ కుండీలోదే వేస్తాను.

చెరువు అలవాటుకి ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది. ఆ వేళకే కదా నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది. జూలైలో ఒకరోజు అలాగే లేచి టార్చి వేస్తే, మగ రొయ్యలు తొట్టంతా పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయి. మూల చూస్తే అప్పుడే విడిచిన పెంకు. ఆడది పెంకు విడవగానే నీళ్లలోకి ఒక వాసన వదులుతుందిట, దాన్ని పట్టుకుని వెతుకుతున్నాయన్నమాట. అంతకుముందు దాని మెడ వెనక పసుపచ్చగా జీను వేసినట్టు కనిపించేది, అవి లోపల తయారవుతున్న గుడ్లు. రెండ్రోజుల తర్వాత చూస్తే జీను ఖాళీ, గుడ్లన్నీ కడుపు కిందకి వచ్చేశాయి. ఓ పాతిక ఉంటాయేమో. ఈత కాళ్లతో వాటికి విసురుతూనే ఉంటుంది, ఆపదు. మధ్యమధ్యలో ఒక గుడ్డుని కాలితో తిప్పి చూసుకుంటుంది.

మన వెనామీ తల్లి ఒక్క రాత్రిలో లక్షకు పైగా గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. ఆ గుడ్లు నాప్లీ, జోయియా, మైసిస్ అని అన్ని దశలు దాటాలి, హేచరీ వాళ్లు రాత్రీ పగలూ కాపలా కాయాలి. దీనికి అదేమీ లేదు. నెల రోజులు కడుపు కింద మోసి, రెండు మిల్లీమీటర్ల పిల్లని అచ్చం తనలాగే మీసాలతో సహా వదులుతుంది. ఆగస్టులో ఒక తెల్లవారుజామున స్పాంజి మీద దుమ్ము కదులుతున్నట్టు కనిపించింది. 17 లెక్కపెట్టాను, ఎనిమిదో తొమ్మిదో దగ్గర మీ అమ్మ లేచి కాఫీ అంటే మళ్లీ మొదటినుంచి. టన్నులు పట్టిన రోజున కూడా నాకు అంత సంబరం లేదు. ఇప్పుడు తొట్టిలో 130 దాకా ఉన్నాయి. నీ 30 అందులోవే, ఆ మిగిలిన 11 సంతానం.

సరే, నీ తొట్టి సంగతికి వద్దాం. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు వాడకు, అక్కడి బోర్లు మన బోరుకేమీ తీసిపోవు. ఆర్వో నీళ్లు ఒట్టివీ పొయ్యకు, పెంకు కట్టుకోడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం వాటిలో దాదాపుగా ఉండవు. మున్సిపల్ నీళ్లకి క్లోరిన్ విరిగే మందు చుక్క వేసి, ఆర్వో నీళ్లు కలిపి టీడీఎస్ మీటరు 200 దగ్గర నిలిచేట్టు చూసుకో. మన తొట్టీ 210 దగ్గరే ఉంది.

ప్యాకెట్లు ఊడదీసి గబుక్కున తొట్టిలో వంచేవు. బకెట్‌లో నీళ్లతో సహా పోసి, మందుల షాపులో సెలైన్ గొట్టం ఒకటి కొనుక్కో. దాని చక్రం తిప్పి, తొట్టి నీళ్లని సెకనుకి ఒకటి రెండు చుక్కలు పడేలా వదులు. బకెట్ నీళ్లు మూడింతలయ్యాక వలతో రొయ్యల్ని మాత్రమే తీసి తొట్టిలో వెయ్యి. రెండు మూడు గంటలు పడుతుంది. సెలవు పెట్టు, పర్వాలేదు.

గాలి పంపు నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టావా? కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కొచ్చి పంపులోకి పోతాయి. ఎండాకాలం మీ గదిలో వేడికి ఇవి ఆగవు. వెనామీ 30 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది గానీ వీటికి 22 నుంచి 26 అయితే బాగుంటుంది. చిన్న ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పి పెట్టు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పులు మాత్రం లోపలే ఉండిపోతాయి. తగ్గినంత మేరకి ఆర్వో నీళ్లే పొయ్యి.

ఆ గదిలో దోమల లిక్విడ్ పెట్టొద్దు. బొద్దింకల స్ప్రే కొట్టే మనిషి వస్తే వెనక్కి పంపెయ్యి. పురుగూ రొయ్యా దూరపు చుట్టాలే, దాన్ని చంపేది దీన్నీ చంపుతుంది. చేపల మందు ఏదైనా కొంటే సీసా మీద రాగి ఉందేమో చదువు, అదంటే వీటికి గిట్టదు. మీ అమ్మ ఒకసారి రాత్రంతా రాగి బిందెలో నిలవుంచిన నీళ్లు "ఆరోగ్యం" అని తొట్టిలో పొయ్యబోయింది. చెంబు పట్టుకుని ఆపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీకు క్రిస్టల్ రెడ్ రొయ్యల మీద మనసు పడిందని తెలుసు. అవి 1990ల్లో జపాన్‌లో సుజుకి అనే ఆయన దగ్గర, నలుపూ తెలుపూ చారల రొయ్యల్లో ఎర్రగా పుట్టిన పిల్ల నుంచి వచ్చిన జాతి. ఉప్పులు తక్కువున్న మెత్తని నీళ్లూ, పుల్లదనమూ, చల్లదనమూ అన్నీ కావాలి. ఏడాది ఆగు. అమానో రొయ్య కూడా ఇప్పుడొద్దు. నాచు తినడంలో దానికి సాటి లేదు, కానీ మన మంచినీటి రొయ్య స్కాంపిలాగే దాని పిల్లలకి ఉప్పునీళ్లు కావాలి. స్కాంపి పిల్లలు మంచినీళ్లలో ఎందుకు చస్తున్నాయో తెలీక 1960ల మొదట్లో మలేషియాలో లింగ్ అనే శాస్త్రవేత్త వంటింట్లో ఉన్నవన్నీ వేసి చూశాడని, సోయా సాస్ వేసిన పాత్రలోవే బతికాయని చెప్పుకుంటారు. సాస్‌లో ఉప్పుంది మరి.

నీలం రొయ్యలు అందంగా ఉన్నాయని వీటితో కలిపేవు. ఒకదాంతో ఒకటి కలిసి నాలుగు తరాలు తిరిగేసరికి అన్నీ అడవి గోధుమరంగులోకి పోతాయి. విత్తనం వరిలో బెరకులు ఏరినట్టు పాలిపోయినవాటిని ఏరి వేరే టబ్బులో వేస్తూ ఉండు. నేనూ అదే చేస్తున్నాను. మన వరండాలో ఆ టబ్బుకే ఇప్పుడు పిల్లలెక్కువ, కొంగొకటి కాపలా కాస్తోంది.

మీ అమ్మ పెట్టెలో ఒక మూల ఆవకాయ సీసా ఇరికించమంటోంది. వద్దన్నాను. వేరే సంచిలో వస్తుంది.

తొట్టిలో వదిలాక లైటు వెయ్యకు. రేపంతా మేత కూడా వద్దు. ఒకటి రెండు రోజులు నాచులో దాక్కుని కనపడకపోతే టెన్షన్ పడి కెలక్కు. బకెట్‌లో ఉండగానే ఒకసారి లెక్కపెట్టి ఫోన్ చెయ్యి. సరిగ్గా 30 పెట్టాను, అందులో ముగ్గురు గుడ్ల తల్లులు. తగ్గితే తగ్గాయనే చెప్పు, నాలాగా బావున్నాయని చెప్పకు.

ఇట్లు,
మీ నాన్న