స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ పరీక్షను కంప్యూటర్ మీదికి తీసుకురండి

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేము తిరుపతిలో స్టాటిస్టిక్స్, అనువర్తిత గణితం బోధిస్తున్న అధ్యాపకులం. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ అంటే ఇప్పటికీ చాలాచోట్ల కాలిక్యులేటర్, రికార్డు పుస్తకం, ప్రశ్నపత్రంలో అచ్చేసిన పాతిక అంకెలు. ఇది మారాలి.

ఒక చిన్న లెక్క చూడండి. 10,00,00,001, 10,00,00,002, 10,00,00,003. ఈ మూడింటి విస్తృతి (వేరియన్స్), అంటే సగటు నుంచి ఒక్కో సంఖ్యకున్న తేడాల వర్గాల మొత్తాన్ని రెండుతో భాగిస్తే వచ్చేది, 1. పిల్లలు పరీక్షలో వాడే సూత్రం: వర్గాల మొత్తంలోంచి సగటు వర్గానికి మూడు రెట్లు తీసేసి, రెండుతో భాగించడం. దాన్నే కంప్యూటర్‌కు రాసిస్తే 0 వస్తుంది. సూత్రం సరైనదే. కానీ ఆ వర్గాలు 17 అంకెల సంఖ్యలు, కంప్యూటర్ మామూలుగా నిలుపుకోగలిగేది 15, 16 అంకెలే. చివరి అంకెలు అక్కడే రాలిపోతాయి. తీసివేతలో మిగలాల్సిన 2 వాటితోపాటే పోతుంది. ముందు సగటు తీసేసి, ఆ తేడాలను వర్గం చేస్తే జవాబు సరిగ్గా వస్తుంది. ఉద్యోగంలో చేరాక ఇలాంటి పొరపాటును పట్టుకోవాల్సింది ఈ పిల్లలే.

క్యూ లెక్కలదీ ఇదే కథ. గంటకు 60 మందిని పంపగల కౌంటరుకు 50 మంది వస్తుంటే, ఎం/ఎం/1 నమూనా (ఒకే కౌంటరు, మనుషులు ఒక్కొక్కరుగా యాదృచ్ఛికంగా వస్తారనుకునే క్యూ సూత్రం) ప్రకారం మనిషికి సగటున 6 నిమిషాలు పడుతుంది. 55 మంది వస్తే 12. 59 మంది వస్తే ఏకంగా గంట! ఈ సూత్రాన్ని రాబట్టడం పిల్లలకు కంఠతా వచ్చు. కానీ కొండకు భక్తులు ఒక్కొక్కరుగా రారు, బస్సుల్లో గుంపులుగా వస్తారు. శనివారం రద్దీ వేరు, మంగళవారం రద్దీ వేరు. అప్పుడు సూత్రం ఎంత తప్పుతుందో సిమ్యులేషన్ చేస్తేనే, అంటే ఆ రద్దీని కంప్యూటర్‌లో అనుకరించి చూస్తేనే, కంటికి కనిపిస్తుంది.

ఖర్చు పెద్దది కాదు. లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాషలు ఆర్, పైథాన్ ఉచితం. ఈ స్థాయి పనికి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లు చాలు. అవసరమైన ప్యాకేజీలన్నీ ముందే ఎక్కించి ఉంచాలి, లేకపోతే పరీక్ష మధ్యలో నెట్ పోయిందంటే అంతా ఆగిపోతుంది. ల్యాబ్‌కు వరుసగా రెండు గంటలివ్వాలి.

పరీక్షలో ఖాళీలున్న అసలు డేటా ఇవ్వండి. వర్షపాతం నమోదు కాని రోజుకు 999 అని వేసిన ఫైలైతే మరీ మంచిది: 28 రోజుల సగటు 4 మి.మీ. ఉన్న నెలలో అలాంటివి రెండుంటే సగటు 70 దాటుతుంది. ఆ తేడాను పట్టుకుని ఎందుకొచ్చిందో రాసినవారికి సగం మార్కులు ఇవ్వాలి.

మండలాలవారీ వర్షపాతం, చిత్తూరు జిల్లా మామిడి ధరల వంటి ప్రభుత్వ లెక్కలను ఫైళ్ల రూపంలో కళాశాలలకు ఇప్పించండి. వచ్చే విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు. ప్రశ్నల నమూనాలు మేము తయారుచేసి ఇస్తాం.

ఇట్లు,
తిరుపతి గణిత, స్టాటిస్టిక్స్ అధ్యాపకులు కొందరు