రోబో వచ్చింది సరే, మిగిలిన గంటలు ఎవరి ఖాతాలో?

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ సిటీ పేజీలో నేల తుడిచే రోబో గురించి పెద్ద వార్త వేశారు, కార్మికులకు ఇక ఊరటేనని శీర్షిక పెట్టారు. ఏ షాపింగ్ మాల్ అన్నది అందరికీ తెలిసిందే కనుక ఆ పేరు జోలికి పోను. వార్త కన్నా పక్కన వేసిన ఫొటోయే ఎక్కువ నిజం చెప్పింది. కొబ్బరికాయ కొట్టారు, బంతిపూల దండ వేశారు, పసుపు కుంకుమ బొట్లు పెట్టారు. కొత్త వాహనానికి మనవాళ్లు చేసే మర్యాదే, తప్పేం లేదు. కాకపోతే దండ పడింది లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్న అడ్డంకులను పసిగట్టే లైడార్ సెన్సర్ మీద, బొట్లు పడింది ముందున్న కెమెరా అద్దం మీద. ఆ అలంకారంతో అది అంగుళం కదలదు. ఎదురుగా ఏదో అడ్డం ఉందనుకుని నిలబడి కూస్తూనే ఉంటుంది. ఆ పూటకు నేల తుడిచింది మాప్ పట్టుకున్న మనుషులేనన్న మాట. వాళ్లు మాత్రం ఫొటోలో లేరు.

రోబో వద్దనడం లేదు. ఎకరాల కొద్దీ గ్రానైట్ నేలను రాత్రంతా తుడవడం నడుమునీ మోకాళ్లనీ అరగదీసే పని. అది యంత్రానికి పోవాల్సిందే. కానీ ఒక్క రోబో పది మంది పని చేసేస్తుందన్న యాజమాన్యం మాటను మీ విలేకరి అలాగే దింపేశారు. ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి ఉంటే బాగుండేది.

ఆ తరగతి యంత్రం తుడిచే వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా నడిస్తే 2,600 చదరపు మీటర్లు తుడవాలి. బ్రోచర్లలో అచ్చయ్యేది ఇలాంటి అంకే. అయితే మధ్యలో మరక మిగలకూడదంటే ప్రతి వరస పక్క వరస మీదికి 10 సెంటీమీటర్లు ఎక్కాలి. అక్కడే 15 శాతం పోయింది. మలుపులు, మనిషి ఎదురైతే ఆగడాలు, స్తంభాల దగ్గర వేగం తగ్గడాలు కలుపుకుంటే చేతికి దక్కేది సగం, మహా అయితే 60 శాతం.

ఇక నీళ్లు. నిమిషానికి 2 లీటర్లు వదిలితే 110 లీటర్ల ట్యాంకు 55 నిమిషాల్లో ఖాళీ. అంటే గంటకోసారి ఎవరో ఒకరు వచ్చి మురికినీళ్లు వదలాలి, అడుగున చేరిన మడ్డి కడగాలి, జాలీలో చిక్కిన వెంట్రుకలు తీయాలి, మంచినీళ్లు పట్టి నేల తుడిచే మందు కొలిచి కలపాలి. డ్రెయిన్ పక్కనే ఉంటే పావుగంట పని. మన మాల్స్‌లో డ్రెయిన్ ఎక్కడో బేస్‌మెంట్‌లో, సర్వీసు లిఫ్టుకు అవతల ఉంటుంది. లిఫ్టును రోబోయే పిలుచుకునే ఏర్పాటుకు అదనంగా డబ్బు పెట్టాలి కనుక అది ఎవరూ తీసుకోరు. కాబట్టి మనిషే దాని వెంట దిగి, మళ్లీ ఎక్కాలి. బ్యాటరీ 4 గంటలు వస్తుందనుకున్నా ఈ తిరుగుడు నాలుగు సార్లు. తనంతట తానే నీళ్లు పట్టుకుని, మురికి వదిలేసే స్టేషన్లు దొరకకపోలేదు. కొటేషన్‌లో ముందుగా కొట్టేసేది ఆ పద్దునే.

రోబో దిగేముందు డస్ట్ మాప్‌తో ఇసుక, పిన్నులు, ట్యాగులు ఎత్తేయాలి. బట్టల దుకాణాల ముందు రాలే ట్యాగుల దారాలు బ్రష్‌కి చుట్టుకుంటే మోటారు మీద లోడు పెరిగి యంత్రం ఆగిపోతుంది. వెనక వైపర్ రబ్బరు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, నేల పొడవునా తడి గీత పడుతుంది. జనం జారేది ఆ గీత మీదే. ఆ రబ్బరు పట్టీకి నాలుగు అంచులుంటాయి. ఒకటి అరిగితే తిప్పి బిగించుకోవచ్చు, అలా నాలుగు సార్లు వాడుకోవచ్చు. ఈ సంగతి రాత్రి షిఫ్టుకు చెప్పే నాథుడు ఉండడు. కొత్తదానికి ఇండెంటు పెట్టి, అది వచ్చేదాకా అరిగినదానితోనే లాగిస్తారు.

మందు ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమన్న నమ్మకం ఇంకొకటి. మురికినీళ్ల ట్యాంకు నిండగానే తేలి మోటారును ఆపాల్సిన ఫ్లోట్ నురగ మీద తేలదు, స్విచ్ పడదు, నురగ తిన్నగా వాక్యూమ్ మోటారులోకి పోతుంది. ఆ మోటారు కాలితే నేల మీది నీళ్లు లాగే దిక్కుండదు. బోరు నీళ్లు పోస్తే ఫిల్టరులో, వాల్వులో సున్నం గట్టిపడి నీళ్లు చుక్కలుగా దిగుతాయి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, అదీ చార్జింగ్ అయ్యాకే. నిండా పోసి చార్జింగ్ పెడితే యాసిడ్ పొంగి పొర్లుతుంది. చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ కూడా వెలువడుతుంది కనుక గాలి ఆడే గది కావాలి. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు, రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పితే ఎవరైనా చేస్తారు. యంత్రం దిగిన రోజున ఏజెన్సీ మనిషి గంటసేపు సూపర్‌వైజర్‌కి చూపించి పోతాడు. ఆ సూపర్‌వైజర్ ఉద్యోగం మారితే ఆ చదువూ ఆయనతోనే పోతుంది.

మన మాల్స్ నిండా అద్దాలే. లైడార్ కిరణం అద్దంలోంచి దూసుకుపోతుంది, అక్కడ గోడ ఉన్నట్టు దానికి తెలియదు. సెన్సర్ ఎత్తులో గరుకు ఫిల్మ్ పట్టీ అంటించాలి, మ్యాప్‌లో ఆ గీత దాటకుండా కట్టడి పెట్టాలి. ఎస్కలేటర్ అంచుల దగ్గర ఈ కట్టడి తప్పనిసరి. ఇంత చేసి ఒక మ్యాప్ నేర్పితే, ఆషాఢం సేల్‌కు డిస్కౌంట్ బుట్టలు దారికడ్డంగా వస్తాయి, దసరాకు బతుకమ్మ వేదిక వేస్తారు, సంక్రాంతికి ముగ్గులూ గొబ్బెమ్మలూ సరేసరి. ప్రతిసారీ దారి మళ్లీ నేర్పాలి. నేర్పేవాడు రాకపోతే రోబో చార్జింగ్ దగ్గరే పండగ చేసుకుంటుంది.

ఇన్నీ సవ్యంగా జరిగినా గోడ వారన మిగిలే బెత్తెడు పట్టీ, బెంచీల కింద, మెట్లు, ఫుడ్ కోర్టు బల్లలు, టాయిలెట్లు దాని పని కావు. అసలు చాకిరీ అంతా అక్కడే ఉంది. మధ్యలో ఉన్న ఖాళీ నేల వరకు మనుషుల గంటలు మిగులుతాయి, కాదనను. ఆ గంటలు టాయిలెట్లకు మళ్లితే జనానికి సుఖం, విరామానికి మళ్లితే కార్మికులకు సుఖం. కానీ హౌస్‌కీపింగ్ కాంట్రాక్టుల్లో బిల్లు తలల లెక్కన నడుస్తుంది. యంత్రం రాగానే మొదట తగ్గేది తలలే. మూడంతస్తుల టాయిలెట్లు ఒక్క ఆయమ్మ మీద పడతాయి, గంటకోసారి రోబోకు నీళ్లు పట్టడం కూడా ఆవిడకే. మీరు రాసిన ఊరట ఇదేనా? షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చోవడానికి ఆసనం ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు సవరించుకున్నాయి. రోబో చార్జింగుకు మనవాళ్లు వెంటనే చోటు చూపిస్తారు. మనిషికి కుర్చీ మాటెత్తితే కస్టమర్లు ఏమనుకుంటారంటారు!

జపాన్‌లో రోబోల హోటల్‌గా 2015లో మొదలైన హెన్ నా హోటల్ సంగతి మీ పత్రికలకు తెలియంది కాదు. 2019 నాటికి అక్కడి 243 రోబోల్లో సగానికి పైగా పక్కన పెట్టేశారు. గదిలోని బొమ్మ రోబో అతిథి గురకను మాట అనుకుని నిద్ర లేపేది. వాటికి సేవ చేయడమే సిబ్బందికి అదనపు పని అయింది. రోబోలకు పుట్టిల్లులాంటి దేశంలోనే అంత జరిగితే మనం రెండు ప్రశ్నలు ముందే అడగొద్దూ?

పోనీ యంత్రం అత్యవసరంగా కావలసిన చోటుకైనా వెళ్తోందా అంటే అదీ లేదు. మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. నీళ్లను జోరుగా చిమ్మి పూడిక తీసే, సన్న గల్లీల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలను మన హైదరాబాద్ జలమండలి 2017లో దించింది. మ్యాన్‌హోల్‌లో దిగే బ్యాండికూట్ రోబోను కేరళ యువకులు 2018లో తయారు చేశారు. అయినా హోటళ్ల, అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికుల వార్తలు మీరే లోపలి పేజీల్లో నాలుగు లైన్లలో వేస్తుంటారు. మెరిసే నేల తుడిచేదానికి మాత్రం రంగుల ఫొటో.

ఇదే మోజు రేపు ప్రభుత్వాసుపత్రుల టెండర్లలోకి వస్తుంది, అనుమానం అక్కర్లేదు. ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్ల యంత్రం వస్తుంది. బ్రష్షులు, వైపర్ రబ్బర్లు, ఫిల్టర్లు, మూడో ఏడాది బ్యాటరీ ఎవరు కొనాలో అందులో రాయరు. ఏడాది వారంటీ తీరాక అది స్ట్రెచర్ల వెనక మూల చేరుతుంది, దాని మీద ఫైళ్లు పెట్టుకుంటారు. వాణిజ్య స్థలాల్లో వాడే ఆటోమేటిక్ నేల శుభ్రత యంత్రాల భద్రతకు ఐఇసి (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 63327 అని ప్రమాణం ఉంది. కనీసం ఆ అంకె టెండరులో కనిపించాలి. దాంతోపాటు ఐదేళ్ల నిర్వహణ, విడిభాగాల ధరల పట్టిక, మూడు షిఫ్టులకూ శిక్షణ, తుడిచిన విస్తీర్ణం రోజువారీ రికార్డు అడగాలి. ఆ రికార్డు యంత్రంలోనే ఉంటుంది, తీసి చూడటానికి ఎవరూ బద్ధకించకపోతే చాలు.

మీ విలేకరిని ఈసారి రాత్రి పదకొండు దాటాక అదే మాల్‌కు పంపండి. మేనేజరు గారిని కాకుండా ట్యాంకు కడుగుతున్న మనిషిని అడగమనండి, యంత్రం రాకముందు షిఫ్టుకు ఎంతమంది, ఇప్పుడెంతమంది అని. ఆ రెండు అంకెలూ అదే సిటీ పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
భవన నిర్వహణ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్