ఇకమీదట 'చూద్దాం సార్' అనను

నమస్తే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్న కౌంటర్‌కి బండి కాగితాల పని మీద వచ్చేవాళ్లందరికీ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ముఖ్యంగా పక్క రాష్ట్రం కారు తెచ్చుకుని, 'నంబర్ మాత్రం అదే ఉండాలన్నా' అంటూ అడ్వాన్స్ ఇచ్చి వెళ్లిన నలుగురికి. ఆ అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేస్తున్నాను. ఇద్దరికి ఇప్పటికే పంపాను. మిగతా ఇద్దరు ఫోన్ ఎత్తడం లేదు, దయచేసి ఎత్తండి.

ఎందుకు ఇస్తున్నానో చెప్పాలంటే 2727 సంగతి చెప్పాలి.

కొండాపూర్ నుంచి ఒక సార్ వచ్చారు. ఉద్యోగం మారి విజయవాడ నుంచి వచ్చేసి ఏడాది దాటింది. కారు ఏపీ 39, చివర 2727. అక్కడ పోటీలో నిలబడి మరీ తీసుకున్నారు, ఎందుకంటే వాళ్ల నాన్నగారి పాత చేతక్ స్కూటర్ నంబర్ అది. స్కూటర్ ఎప్పుడో పోయింది, తర్వాత నాన్నగారూ పోయారు. 'ఏపీ పోయి టీజీ వస్తే రానీ, 2727 అలాగే ఉండాలి. అవుతుందా?' అని అడిగారు. నేను 'చూద్దాం సార్' అన్నాను.

మా లైన్‌లో 'చూద్దాం' అంటే కష్టమని అర్థం. వినేవాళ్ల చెవికి మాత్రం 'అవుతుంది' అనే వినిపిస్తుంది. పద్ధెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను, పది వేలు అడ్వాన్స్ తీసుకున్నాను.

మోటారు వాహనాల చట్టం 1988లో 47వ సెక్షన్ ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే, అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ మార్క్ వేయించుకోవాలి. మార్క్ అంటే అక్షరాలు, అంకెలు అన్నీ కలిపి. ముందున్న ఏపీ గీకేసి టీజీ రాసుకోవడం కుదరదు. విజయవాడలో వేలంలో ఎంత పెట్టి కొన్నా ఆ నంబర్ ఆ రాష్ట్రంతోనే సరి. ఇక్కడ బండికి మళ్లీ పేరు పెట్టినట్టే. అవే నాలుగంకెలు ఇక్కడ దొరికితే అదృష్టం. 1 నుంచి 9999 దాకా ఒక సిరీస్ నడుస్తుంది, అది అయిపోయాక అక్షరం మారి మళ్లీ 1 నుంచి మొదలు. మన కాగితాలు చేతికొచ్చే రోజుకి నడుస్తున్న సిరీస్‌లో మనకు కావలసిన నంబర్ ఎవరో ఒకరు పట్టుకుపోయి ఉండొచ్చు.

ఆ సార్ విషయంలో అదే జరిగింది. కారు మీద లోన్ ఉంది, కాబట్టి ముందు ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల అంగీకారం కావాలి. తర్వాత పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, దానికి ఫారం 28. కట్టని చలాన్లుంటే పని అక్కడే ఆగుతుంది. ఆయనకి రెండు చలాన్లు ఉన్నాయి, ఒకటి ఆయన బావమరిది పుణ్యమట. ఎన్‌ఓసీ ఇస్తామో లేదో 30 రోజుల్లో చెప్పాలని చట్టంలో ఉంది. అది వచ్చాక ఇక్కడ ఫారం 27 పెట్టి, బండి చూపించి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇదంతా తిరిగేసరికి ఇక్కడి సిరీస్‌లో 2727 వెళ్లిపోయింది. వచ్చింది 5381.

కూడితే 17. మళ్లీ కూడితే 8.

ఆయన లెక్కపెట్టలేదు, పక్కనున్న వాళ్లమ్మగారు లెక్కపెట్టారు. ఎనిమిది శనిది అనేవాళ్లు మన ఊళ్లో ఎంతమందో మీకు తెలుసు. ఆమె నన్నేమీ అనలేదు. 'ముందే చెప్పి ఉంటే మావాడు ఇంకోలా ఆలోచించుకునేవాడు కదా నాయనా' అంది, అంతే. తిట్టినా బాగుండేది.

దాని మీద లైఫ్ ట్యాక్స్. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది గానీ, మనవాళ్లు అనుకున్నంత తగ్గదు. 2022లో తెలంగాణలో స్లాబులు పెంచినప్పుడు 10 నుంచి 20 లక్షల మధ్య కొత్త కారుకి 17 శాతం అయింది. మూడేళ్ల కారు తెచ్చినవాళ్లకి కూడా బిల్లు లక్ష దాటడం మామూలే. నంబర్ మోజులో పడి ఈ లెక్క ఎవరూ అడగరు. నేనూ పనిగట్టుకుని చెప్పేవాణ్ణి కాదు, అదీ నిజమే. చెబితే బేరం పోతుందని భయం.

నంబర్ మారాక కథ అయిపోతుందనుకుంటారు. ఫాస్టాగ్ పాత నంబర్ మీదే ఉంటుంది, మార్పించాలి. ఇన్సూరెన్స్‌లో కొత్త నంబర్ ఎక్కించాలి. అది మర్చిపోయినవాళ్లు యాక్సిడెంట్ అయిన రోజు నాకు ఫోన్ చేస్తారు. చివరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర స్టిక్కర్ కూడా కొత్తది తీసుకోవాల్సిందే.

మొన్న ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. 'మా అబ్బాయి లండన్‌లో నంబర్ కొన్నాడు, కారు మారినా దాన్ని తెచ్చి కొత్త కారుకి పెట్టుకున్నాడు. ఇక్కడేం రోగం?' అని. రోగం ఏమీ లేదు, అక్కడి పద్ధతి వేరు. బ్రిటన్‌లో డీవీఎల్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ 1989 నుంచి నంబర్లు అమ్ముతోంది. కారు అమ్మేసినా నంబర్‌ని ఒక సర్టిఫికెట్ మీద దాచుకోవచ్చు, దానికి 80 పౌండ్ల ఫీజు. ఉత్తర ఐర్లాండ్ నంబర్లలో ఐ గానీ జెడ్ గానీ ఉంటుంది, కారు ఏ సంవత్సరానిదో తెలిపే అంకె ఉండదు. అందుకే ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు కూడా వాటిని కొని తమ కార్లకి పెట్టుకుంటారు, పాత కారని ఎవరికీ తెలియకుండా. బండిని ఉన్నదానికంటే కొత్తదిగా చూపించే నంబర్ మాత్రం పెట్టనివ్వరు. పెద్దాయనకి ఇదంతా చెప్పాను. 'అయితే మనవాళ్లకి తెలివి లేదంటావు' అన్నారు. నేనలా అనలేదు.

తెలంగాణ లోపల ఇల్లు మారితే ఈ బాధేమీ లేదు. ఉప్పల్ నుంచి మెహదీపట్నం పోయినా, వరంగల్ నుంచి ఇక్కడికి వచ్చినా ఆర్సీలో అడ్రస్ మార్చుకుంటే చాలు, నంబర్ అదే ఉంటుంది. అలాగే 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పటి నుంచి రోజుకొకరు అడుగుతూనే ఉన్నారు: టీఎస్ ఉన్నవాళ్లు మార్చుకోనక్కర్లేదు. దీనికి డబ్బు తీసుకుంటామని ఎవరన్నా చెబితే ఇవ్వకండి. నేను చెప్పినా ఇవ్వకండి.

ప్లేట్ల మాట కూడా చెప్పేస్తాను. ఒకప్పుడు 8055ని ఇంగ్లిష్‌లో 'బాస్' (BOSS) అని చదివేలా అంకెల వంపు తిప్పి రాసిచ్చాను, ఒప్పుకుంటున్నాను. అప్పట్లో కుర్రాళ్లు మా షాపుకి దానికోసమే వచ్చేవాళ్లు. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్‌పీ, అంటే హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి. హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన నంబర్, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడని లాక్. కొత్త బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి దేశమంతా తప్పనిసరి. స్టైల్ ప్లేట్ కావాలని ఇంకా వస్తున్నారు. చలాన్ మీ ఇంటికి, పాపం నాకు. వద్దు.

ఫ్యాన్సీ నంబర్ కావాలంటే కొత్త కారు కొన్నప్పుడే, కాగితాలు మొదలుకాకముందే రండి. ఒక నంబర్‌కి ఒక్కరే అడిగితే పెట్టిన ఫీజుకే వస్తుంది, ఇద్దరు అడిగితే పోటీ. 2024లో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 పాతిక లక్షలు దాటింది. అలాంటివాళ్లు మన కౌంటర్‌కి రారు, వాళ్ల మేనేజర్లు కూడా రారు. మన దగ్గరికి వచ్చేది కూడితే 9 రావాలనేవాళ్లు, 786 కావాలనేవాళ్లు, పాప పుట్టినరోజు కావాలనేవాళ్లు. వీటికి చాలాసార్లు పెద్దగా పోటీ ఉండదు. రెండు మూడు నంబర్లు మనసులో పెట్టుకుని వస్తే పని తేలిక. నంబర్ దొరికాక గడువు లోపు రిజిస్ట్రేషన్ చేయించకపోతే అది చేజారిపోతుంది. ముహూర్తం కోసం ఆగేవాళ్లు ఈ తేదీ కూడా పంతులుగారికి చెప్పండి.

పక్క రాష్ట్రం బండ్లకి నా కొత్త పద్ధతి ఇది. ముందు ఆర్సీ, ఇన్సూరెన్స్, లోన్ కాగితం, కారు కొన్న ఇన్వాయిస్ కాపీలు తెండి. లైఫ్ ట్యాక్స్ సుమారు ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇస్తాను. అది చూసి ఇంటికెళ్లి ఆలోచించుకోండి. పని మొదలుపెడితే నా సర్వీస్ ఛార్జీ 3,000, ప్రభుత్వ ఫీజులు వేరు, ప్రతి దానికీ రసీదు ఇస్తాను. అదే నంబర్ వస్తుందన్న మాట మీద ఒక్క రూపాయి తీసుకోను.

2727 సార్ అడ్వాన్స్ వద్దన్నారు, బలవంతంగా ఇచ్చాను. మిగిలిన ఇద్దరూ ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఏడు లోపు రండి. అడ్వాన్స్ రసీదు పోయినా ఫర్వాలేదు, మీ పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి.