లేఅవుట్ అనుమతికి ముందే నేల పరీక్ష జరగాలి

సంపాదకులకు,

గుంటూరు పక్కన నల్లపాడు, పెదకాకాని వైపు నల్లరేగడి. కృష్ణ వెంట యనమలకుదురు, పెనమలూరు వైపు ఒండ్రు, దాని అడుగున ఇసుక. ఈ రెండు నేలల్లో నీరు దిగే తీరే వేరు. అయినా ప్లాన్లకు జతచేసే ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు డ్రాయింగులు చాలావరకు ఒక్కటే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి పగుళ్లు మూసుకుంటుంది. నాలుగైదు అడుగుల గుంత తీసి కంకర నింపితే మొదటి వానకే నిండి పొర్లుతుంది. లెక్క చూడండి: 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మి.మీ. వాన పడితే దాదాపు 5,000 లీటర్లు. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంతలో రాళ్లు నింపాక పట్టేది సుమారు 1,800 లీటర్లే. మిగతాది నేల తాగాలి, రేగడి తాగదు. రేగడిని దాటి గరప నేల తగిలేదాకా తవ్వాలి, లేదా గుంత అడుగున చిల్లుల పైపుతో బోరు దించాలి. వాననీరు ఆ బోరులోకి వెళ్లేముందు ఇసుక వడపోత తప్పదు.

ఇసుక నేలలో ప్రమాదం తిరగబడుతుంది. అక్కడ వాననీటితోపాటు మురుగు కూడా త్వరగా దిగుతుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే సోక్ పిట్‌కు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్లుండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. 150 గజాల ప్లాట్లు వరుసగా వేసి ఇంటింటికీ బోరు, ఇంటింటికీ సోక్ పిట్ పెడితే ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది? మన సోక్ పిట్ దూరంగానే ఉన్నా పక్కింటిది మన బోరు పక్కనే. అలా మురుగు నుంచి బోరు నీటిలో చేరిన నైట్రేటు అనే లవణం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే నీరు తాగడానికి పనికిరాదు, పసిపిల్లలకు మరీ ప్రమాదం. మరగబెడితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. ఇలాంటి నేలలో ఉమ్మడి డ్రైనేజీ, శుద్ధి ప్లాంటు లేకుండా చిన్న ప్లాట్లకు అనుమతి ఇవ్వనే కూడదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావులను కట్టడి చేసింది. అది నీరు తోడుకోవడం సంగతి. అదే వలయంలో నేల మీద ఏం కడుతున్నారో కూడా, ఎక్కడ ఏది కట్టొచ్చో చూపే జోనింగ్ పటంలో తేల్చాలి. పెట్రోలు బంకు, రంగుల అద్దకం, చెత్త డంపు అక్కడికి రాకూడదు.

లేఅవుట్‌లో వదిలే ఖాళీ స్థలం గురించి ఒక మాట. అమ్ముడుపోని మూలను పార్కుగా చూపించడం మానాలి. సర్వేలో తేలిన పల్లమే పార్కు కావాలి, దాన్ని మెరక చేయకూడదు. వాగు, కుంట పూడ్చి రోడ్డేస్తే వాననీరు పక్క కాలనీలో నిలుస్తుంది, మన బోర్లు మాత్రం ఎండుతాయి.

రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ), నగరపాలక సంస్థలు ప్రతి లేఅవుట్ దరఖాస్తుతో ఇంకుడు పరీక్ష ఫలితం అడగాలి. గుంత తవ్వి, అడుగున కొంచెం కంకర పోసి, రాత్రంతా నీటితో నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి నీటిమట్టం దిగే వేగం కొలవాలి. 2.5 సెం.మీ. తగ్గడానికి గంట దాటితే ఆ నేలలో సోక్ పిట్ పనిచేయదు. ఎండాకాలపు పగుళ్లలో చేసిన పరీక్షను ఒప్పుకోకూడదు. నైరుతి వానలు పడ్డాక, భూగర్భ జల శాఖ సిబ్బంది ఎదుట, స్థలంలో కనీసం మూడు చోట్ల చేయించాలి.

— కొందరు సివిల్ ఇంజినీర్లు, గుంటూరు