చిన్నికి నాన్న రాసేది

చి. చిన్నికి నాన్న ఆశీర్వదించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. మామిడి పిందె సగం రాలింది. పెద్దగేదె ఈనింది, పెయ్యదూడ. అమ్మ మోకాలు అలాగే ఉంది. బాబాయి మళ్లీ పొలం అమ్ముతానంటున్నాడు. రెండు ఆదివారాలుగా నీ ఫోన్ రాలేదు. ఎందుకని అడగడం లేదు, చెప్తున్నానంతే.

మొన్న వ్రతానికి వచ్చి సుబ్బత్త కోడలు అంది, నువ్వు మంచు మీద జారే స్కీల అడుగున, కొండెక్కేటప్పుడు జారకుండా అంటించే పట్టీలు కొన్నావని, కొండపైకి చేర్చే లిఫ్టులున్న చోటు వదిలేసి బర్తడ్ పాస్ అనే కనుమ వైపు సొంతంగా కొండెక్కుతున్నావని. ఆమె మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. మిగిలిన సగం గురించే నా బెంగ.

మేస్త్రి డాబాకు వాటం సరిగా పెట్టలేదు, నీళ్లు నిలుస్తున్నాయి. వాటం అంటే గుర్తొచ్చింది. మంచు చరియలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీలకు బాగుండేదీ అదే వాలు, అదీ చిక్కు. కంటితో అంచనా వెయ్యకు, కొలువు. నువ్వు నిలబడ్డచోటే కాదు, నీ నెత్తి మీద ఏముందో కూడా చూడు.

ఏప్రిల్ కదా, చలికాలం పోయిందనుకుంటారు. మీ కొలరాడోలో బరువైన మంచు పడేదే మార్చి, ఏప్రిల్‌లలో. రాత్రికి రాత్రి అడుగు మంచు పడి గాలి తోడైతే, ఆ గాలి ఎదురువాలు మంచును ఎత్తుకెళ్లి శిఖరం అవతల పోస్తుంది. పడింది అడుగే అయినా అక్కడ మూడడుగులు ఉండొచ్చు. అడుగున చలికాలం మొదట్లో పలచగా పడ్డ మంచు పంచదార పలుకుల్లా మారి ఉంటుంది. పళ్లెంలో పంచదార పోసి, పైన పలక పెట్టి వాల్చి చూడు, తెలుస్తుంది. ఆ పంచదార నెలల తరబడి అలాగే ఉంటుంది.

నా పాత కథలు చెప్పనులే. మీ ఊరికి దగ్గర్లోదే చెప్తా. 2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో ఆరుగురు బయల్దేరారు. అనుభవం లేనివాళ్లు కాదు. ఆ రోజు మంచు చరియల హెచ్చరిక చదివారు. ఏ వాలు ప్రమాదమో తెలుసు, దాని మీదికి వెళ్లకూడదనే అనుకున్నారు. కానీ వాళ్లు వెళ్లాలనుకున్న చోటికి దారి ఆ వాలు కిందనుంచే. ఒకరికొకరు యాభై అడుగుల ఎడం పెట్టుకుని నడిచారు. ముందున్నవాళ్లు చెట్ల దగ్గరికి చేరబోతుండగా కాళ్ల కింద మంచు వుమ్మ్‌మని కుంగింది. ఆ కుంగుడు పైకి పాకి, వాలంతా నేల దాకా తెగి వచ్చింది. ఆరుగురూ అందులోనే. ఒక్కడికి ముంజేయి కదిలే వీలుంది, గంటల తర్వాత బతికి బయటపడ్డాడు. మిగతా ఐదుగురూ పోయారు. 1962 తర్వాత ఆ రాష్ట్రంలో అంతమంది ఒకేసారి పోవడం అదే. అందరి దగ్గరా బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ చెప్పే రేడియో పరికరం), పార, మనిషి కోసం మంచులో గుచ్చే కడ్డీ ఉన్నాయి. తవ్వడానికి పైన ఒక్కరూ మిగల్లేదు. యాభై అడుగుల ఎడం ఎడమే కాదమ్మా. ఒక్కరు దాటాలి, మిగతావాళ్లు చరియ చేరని చోట ఆగి ఆ ఒక్కరి మీదే కన్నుంచాలి.

మళ్లీ పాఠం మొదలెట్టాడు అనుకుంటున్నావు. సరే, ఇంకొంచెమే. హెచ్చరికలో ప్రమాదం స్థాయి 3 అని ఉంటే ఐదులో మధ్యరకమే కదా అనుకోకు. 4 అంటే చాలామంది ఇంట్లో ఉంటారు, 3 అంటేనే ధైర్యం చేసి పోతారు. తుపాను వెలిసి ఎండ కాసిన మొదటి రోజు అందంగా ఉంటుంది, ఆ రోజు వెళ్లకు. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే తెల్లారి బయల్దేరనే వద్దు. గడ్డకట్టినా పదకొండుకల్లా దిగిపో. బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, వాలు మీంచి మంచు ఉండలు దొర్లుతున్నా అప్పటికే ఆలస్యమైనట్టు.

బీకన్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలే వెయ్యి, ఛార్జింగ్‌వి వద్దు. అవి ఛార్జ్ ఎంత మిగిలిందో సరిగా చూపించక ఒక్కసారిగా ఆగిపోతాయి. ఫోన్ దానికి కనీసం జానెడు దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు మూరెడు పైనే. పార లోహానిదే కొను. కడ్డీ వాలుకు లంబంగా గుచ్చు. మనిషి తగిలాక దాన్ని పీకకు, కొంచెం కిందివైపునుంచి లోపలికి తవ్వు. పది నిమిషాలు దాటితే ఆశ తరిగిపోతుంది.

గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాం. కందిపొడిలో ఈసారి వెల్లుల్లి తగ్గించింది అమ్మ. నీ కడుపు మంట తగ్గిందా?

వెళ్లొద్దు అనను. అన్నా వినవు. ఏ కొండకు, ఏ దారిన, ఎవరితో, ఎన్నింటికి దిగుతావో బయల్దేరేముందు ఒక మెసేజ్ పెట్టు. అమ్మకు వద్దు, నాకు. నువ్వు పొద్దున పదకొండుకు దిగితే మాకు రాత్రి పదిన్నర. మేలుకునే ఉంటాను.

నాన్న