అడవిని చూపారు, పోరాటాన్ని వదిలేశారు

సంపాదకులకు నమస్కారములు.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఓర్లాండో యాత్ర కూడా ఉంటుంది కనుక, అక్కడి డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో ‘అవతార్’ సినిమా ఆధారంగా నిర్మించిన ‘పండోరా’ గురించి మీ పాఠకులతో కొన్ని మాటలు పంచుకోదలచాను. మనవడితో కలిసి దాన్ని చూసి వచ్చిన నాకు సంతోషమూ, అసంతృప్తీ రెండూ మిగిలాయి.

2017 మే 27న ప్రారంభమైన ఈ విభాగం సుమారు 12 ఎకరాల్లో ఉంది. గాలిలో తేలుతున్నట్టు కనిపించే కొండలను మోస్తున్నవి ఉక్కు దూలాలే అయినా, వాటిని తీగల మాటున ఎంత నేర్పుగా దాచారంటే కింద నిలబడి చూసేవారికి ఆ సంగతే తట్టదు. నిజమైన మొక్కల మధ్య కృత్రిమమైనవి కలిపి అమర్చారు. చీకటి పడితే అడవి అంతా వెలుగుతుంది. ‘ఫ్లైట్ ఆఫ్ పాసేజ్’ అనే రైడ్‌లో మోటారు సైకిలు మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చుంటే, మనల్ని మోసుకుపోతున్న బాన్షీ అనే ఎగిరే ప్రాణి ఊపిరి తీసి వదలడం కాళ్లకు తెలుస్తుంది. దిగాక మా మనవడు చాలాసేపు మాట్లాడలేదు. పసివాడి మనసులో అడవి మీద అంత ఇష్టం పుట్టించిన కళాకారుల శ్రమను నేను తక్కువ చేయలేను.

అయితే 2009లో వచ్చిన ఆ సినిమాకు ప్రాణం ఈ అందం ఒక్కటే కాదు. ఖనిజం కోసం పండోరా అనే లోకానికి వచ్చిన కంపెనీ అక్కడివారు తరతరాలుగా నివసిస్తున్న మహావృక్షాన్ని కూల్చడం, వారు తిరగబడడం అందులోని అసలు కథ. దర్శకుడు జేమ్స్ కామెరాన్ 2010లో బ్రెజిల్ వెళ్లి బెలో మోంటే ఆనకట్టను వ్యతిరేకిస్తున్న ఆదివాసులకు మద్దతు పలికారు. మా విజయనగరానికి ఎంతో దూరం లేని ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలను ఎదిరిస్తున్న డోంగ్రియా కోందు ఆదివాసుల తరఫున కూడా అదే ఏడాది ఆయనకు బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. 2013లో 12 గ్రామసభలు ఆ తవ్వకాలను తిరస్కరించాయి.

ఓర్లాండో పార్కు చెప్పే కథలో మాత్రం కంపెనీ ఎప్పుడో వెళ్లిపోయింది, ప్రకృతి కోలుకుంటోంది, మనం చూడవచ్చిన అతిథులం. క్యూలో నడిచే దారిలో తుప్పు పట్టిన పాత స్థావరం కనిపిస్తుంది గానీ, ఆ కంపెనీని పంపించడానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారో పిల్లవాడి మనసుకు పట్టేలా ఎవరూ చెప్పరు. నియమగిరి నుంచి ఎవరూ ఊరికే వెళ్లిపోలేదని తెలిసిన నాకు ఇది పెద్ద లోటుగా తోచింది. పోరాటం వినోదయాత్రకు తగని విషయమని నిర్వాహకులు అనుకొని ఉండవచ్చు. కానీ పిల్లలు సినిమాలో చూసి తట్టుకున్నదాన్ని పార్కులో తట్టుకోలేరా? అక్కడి దుకాణంలో భుజం మీద పెట్టుకునే బాన్షీ బొమ్మలకు దొరికిన చోటులో కొంతైనా ఆ కథకు దొరకవలసింది.

డిస్నీ సంస్థకు ప్రకృతి పట్టదని నేను అనడం లేదు. జంతువుల క్షేమం కోసం యానిమల్ కింగ్‌డమ్‌లో ప్లాస్టిక్ స్ట్రాలు ఇవ్వరు. అంతకన్నా ముఖ్యమైనది, ఆ సంస్థ తన నిర్మాణాల వల్ల దెబ్బతినే చిత్తడి నేలలకు పరిహారంగా 1990ల మొదట్లో ఒక పెద్ద పశువుల క్షేత్రం భూమిని పరిరక్షణకు అప్పగించింది. నేచర్ కన్సర్వెన్సీ అనే పరిరక్షణ సంస్థ సంరక్షణలో అది నేడు డిస్నీ వైల్డర్‌నెస్ ప్రిజర్వ్ పేరుతో సుమారు 12 వేల ఎకరాల మేర విస్తరించి ఉంది. దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలకు చేరే నీటికి మొదలు ఆ ప్రాంతమే. పైన్ చెట్ల నడుమ నడకదారులున్నాయి. ఒకప్పుడు చెడిన నేలను మళ్లీ చిత్తడిగా మార్చిన పని అక్కడ కళ్లారా చూడవచ్చు. పండోరాలో ఆ సంగతి చెప్పే పలక ఒక్కటీ నా కంట పడలేదు.

ఓర్లాండో వెళ్లే మనవారు పార్కులకు కేటాయించే రోజుల్లో ఒక పూట ఈ ప్రిజర్వ్‌కు కూడా ఉంచుకోవాలని, మీ పర్యాటక పేజీల్లో దీని వివరాలు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం